పట్టుపురుగు పేగులో బ్యాక్టీరియా: పొట్లం కొనాలా, పుల్లమజ్జిగ చల్లాలా?

తమ్ముడూ, వయసులో నీకంటే చాలా పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కళ్యాణదుర్గం దగ్గర మూడెకరాల మల్బరీ. ఏప్రిల్‌లో మేపిన బ్యాచ్ నాలుగో జ్వరం (పురుగు మేత మాని పొర విడిచే సమయం) లేచేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఐదారు రోజులకు పురుగులు మెత్తబడి, తల వాల్చి, సగానికి సగం పోయాయి. ఒకాయన వచ్చి "పురుగుల పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గింది, ఈ పొడి ఆకు మీద చల్లు" అని పొట్లం చూపించాడు. పక్క తోట పెద్దాయనేమో పొడి ఎందుకు, పుల్లమజ్జిగ చల్లితే అదే పని చేస్తుందన్నాడు. ఫోనులో చూసిన వీడియోలో పేగు బ్యాక్టీరియా వల్లే ఈగలు, తేనెటీగలు ఎక్కువ కాలం బతుకుతాయని చెప్పారు. ఇందులో ఏది నమ్మాలి సార్ అన్నావు.

పొట్లం కొనొద్దు, మజ్జిగ నువ్వే తాగు. ఎందుకో చెప్పడానికి మాత్రం కాస్త దూరం తిరిగి రావాలి. ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, నీ పురుగుకు వర్తించదు, అంతే. తేనెటీగకు నిజమైంది పట్టుపురుగుకు నిజం కావాలని లేదు. పురుగులన్నిటినీ ఒకే గాట కట్టడం దగ్గరే ఈ వ్యాపారమంతా మొదలవుతోంది.

ముందు నీ పురుగు పేగు చూద్దాం. ఉద్యోగంలో ఉన్నప్పుడు శిక్షణకు వచ్చిన రైతులకు నేను తప్పకుండా చూపించేవాణ్ణి. ఐదో దశలో, అంటే నాలుగో జ్వరం దాటాక, బాగా మేసిన పురుగును మైనం పోసిన పళ్లెంలో బోర్లా పెట్టి, తలా తోకా గుండుసూదులతో గుచ్చి, వీపు వెంబడి సన్న కత్తెరతో కోస్తే లోపల కనిపించేదంతా దాదాపు పేగే. రెండు పక్కలా మెలికలు తిరిగి మెరుస్తూ పట్టు గ్రంథులు, మధ్యలో తల నుంచి తోక దాకా ఒకే లావు పచ్చటి గొట్టం. మన పేగుల్లాగా చుట్టలు చుట్టుకుని ఉండదు. ఆ గొట్టాన్ని నిదానంగా చీలిస్తే ఆకు ముక్కలు నేరుగా పేగు గోడకు తగలకుండా పలచటి గాజు కాగితం లాంటి పొరలో చుట్టి ఉంటాయి. పెరిట్రోఫిక్ పొర అంటారు దాన్ని. ఆరోగ్యంగా ఉన్న పురుగులో పట్టుకారుతో లాగితే ఆ పొర ఆకుతో సహా తొడుగులాగా ఊడి వస్తుంది. ఇప్పుడు ఆ పేగు రసంలో పీహెచ్ కాగితం ముంచు. ముదురు నీలం. పీహెచ్ 10 దగ్గర, ఒక్కోసారి ఇంకా పైన. అంటే నీ పురుగు కడుపులో ఉన్నది చాకలి సోడా నీళ్లకు దగ్గర్లో ఉండే క్షారం.

అందులో ఎన్ని రకాల బ్యాక్టీరియా కాపురం పెట్టగలవో ఆలోచించు. పైగా మేసిన ఆకు కొన్ని గంటల్లోనే లద్దెగా బయటికి పోతుంది. జ్వరానికి కూర్చున్నప్పుడల్లా పేగు ముందు భాగం, వెనక భాగం లోపలి పూత కూడా పొరతో పాటే ఊడిపోతుంది. గూడు అల్లే ముందు పండు పురుగు కడుపంతా ఖాళీ చేసుకుంటుంది, అందుకే ఒళ్లు గాజులా మెరుస్తుంది. గూట్లో ప్యూపాగా మారేటప్పుడు నడి పేగు గోడే కొత్తగా తయారవుతుంది. ఇన్నిసార్లు ఇల్లు ఖాళీ చేయించే యజమాని దగ్గర ఎవరు అద్దెకుంటారు?

పట్టుపురుగు పేగులో బ్యాక్టీరియా అసలే ఉండదని కాదు. ఎంటరోకాకస్ లాంటివి ఆ క్షారాన్ని తట్టుకుని ఉంటాయి. కానీ ఎక్కువ భాగం ఆకుతో లోపలికి వచ్చి, లద్దెతో బయటికి పోయేవే. మన ఊరి బస్టాండు లాంటిది, జనం ఎప్పుడూ ఉంటారు, కాపురం ఉండేవాళ్లు తక్కువ. 2017లో ఉత్తర, మధ్య అమెరికా అడవుల్లో 124 జాతుల గొంగళి పురుగులను పట్టి చూస్తే వాటి పేగుల్లో బ్యాక్టీరియా మిగతా జంతువుల కంటే చాలా చాలా తక్కువగా ఉంది, ఉన్నదీ చాలావరకు ఆకు మీదిదే. వాటిలోనే పొగాకు మేసే ఒక గొంగళి పురుగుకు యాంటీబయాటిక్ పెట్టి ఉన్న కాస్త బ్యాక్టీరియా కూడా తగ్గించేశారు. దాని ఎదుగుదల ఏమీ తగ్గలేదు.

ఇక వీడియో సంగతి. తేనెటీగ కథ పూర్తిగా వేరు. గూటి గదిలోంచి అప్పుడే బయటికి వచ్చిన కూలి ఈగ పేగు దాదాపు ఖాళీగా ఉంటుంది. తోటి ఈగలతో, తెట్టెతో మెలిగిన నాలుగైదు రోజుల్లోనే దానికి బ్యాక్టీరియా అంటుకుంటుంది. అదీ ఏదో ఒకటి కాదు, స్నాడ్‌గ్రాసెల్లా, గిల్లియమెల్లా, ఇంకా కొన్ని లాక్టోబాసిల్లస్, బైఫిడో రకాలు, లెక్కపెడితే పదిలోపే. వెనక పేగులో ఎవరి చోటు వాళ్లది. స్నాడ్‌గ్రాసెల్లా గోడకు అంటుకుని ఉంటుంది, దాని మీద గిల్లియమెల్లా. నల్లమలలో చెంచులు తీసే పెద్ద తేనెపట్టు ఈగలోనూ, చెట్టు తొర్రలో ఉండే మన పుట్ట తేనె ఈగలోనూ ఇదే కుటుంబానికి చెందినవి ఉంటాయి. తరతరాలుగా ఈగతో పాటే వస్తున్న బంధువులన్నమాట. 2017లోనే టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు కూలి ఈగలకు టెట్రాసైక్లిన్ పెట్టి, పేగు బ్యాక్టీరియా తగ్గాక తిరిగి పెట్టెలో వదిలారు. మందు పెట్టని ఈగలతో పోలిస్తే వీటిలో బతికి కనిపించినవి తక్కువ. పైగా సెరాషియా అనే బ్యాక్టీరియా సోకితే ఇవి త్వరగా చనిపోయాయి. ఈ సెరాషియా నీకూ తెలుసు, పేరు తెలియకపోవచ్చు. చచ్చిన పట్టుపురుగు ఒక్కోసారి ఎర్రగా మారి కుళ్లుతుంది చూడు, అది దీని పనే. తేనెటీగలో ఇంటివాళ్లు ఉన్నంతసేపు అది గుమ్మం దాటదు.

రసం పీల్చే పురుగుల్లో ఈ చుట్టరికం ఇంకా దగ్గరిది. మన వేరుశనగ మీద పట్టే పేనుబంకనే తీసుకో. ఆకు రసంలో చక్కెర తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఎదగడానికి కావలసిన అమైనో ఆమ్లాలు తయారుచేసి పెట్టేది బుఖ్నెరా అనే బ్యాక్టీరియా. అది పేగులో కూడా కాదు, దాని కోసమే ఉన్న ప్రత్యేక కణాల్లో ఉంటుంది, తల్లి నుంచి పిల్లకు కడుపులోనే చేరుతుంది. యాంటీబయాటిక్‌తో దాన్ని తీసేస్తే పేనుబంక గిడసబారిపోతుంది, పిల్లలు పెట్టడం దాదాపు ఆగిపోతుంది.

నాకు వీటన్నిటిలో బాగా నచ్చేది అనపచెట్ల మీద గుంపులుగా పట్టే గుండ్రటి చిన్న కంపు పురుగు. మెగాకాప్టా జాతి. వీటిలో తల్లి ఆకు మీద వరుసగా గుడ్లు పెట్టి, ఆ వరుస కింద గోధుమ రంగు గుళికలు కూడా పెట్టిపోతుంది. అందులో ఉండేది బ్యాక్టీరియా. గుడ్డు పగిలి బయటపడిన పిల్ల అన్నిటికంటే ముందు ఆ గుళికలోకి ముక్కు గుచ్చి పీలుస్తుంది. జపాన్‌లో ఆ గుళికలు తీసేసి చూస్తే పిల్లలు ఒకచోట కుదురుగా ఉండకుండా దేనికోసమో వెతుకుతున్నట్టు తిరిగాయి, ఎదుగుదలా దెబ్బతింది. పురుడు పోసుకోవడానికి వచ్చిన కూతురికి అమ్మ కాయం కట్టి పెట్టినట్టు లేదూ?

కంది కాయల రసం పీల్చే సన్నటి పొడుగు నల్లి మాత్రం తల్లి మీద ఆధారపడదు. ప్రతి తరం పిల్లలు మట్టిలోంచే బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియాను ఏరుకుంటాయి. ఒకే పురుగుమందును పదేపదే కొట్టిన నేలలో ఆ మందునే తిని బతికే బర్ఖోల్డేరియా పెరుగుతుంది. దాన్ని కడుపులో పెట్టుకున్న నల్లి ఆ మందుకు చావదు. ఫెనిట్రోథయాన్ మందుతో ఇది జరుగుతుందని 2012లో జపాన్‌లో రుజువైంది. మందు పనిచేయడం లేదు, కల్తీ మందు ఇచ్చారు అని దుకాణం ముందు తగాదా పడే మన వాళ్లకు ఇదీ ఒక కారణం కావచ్చని చెబితే ఎవరూ వినరనుకో.

ఆయుష్షు గురించి అడిగావు. అది చెప్పాలంటే అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ దగ్గరికి పోవాలి. డ్రోసోఫిలా. ల్యాబులో సుమారు రెండు నెలలు బతుకుతుంది, కాబట్టి ఆయుష్షు లెక్కలన్నీ దాని మీదే ఎక్కువ. బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఈగ ఎక్కువ కాలం బతుకుతుందా, తక్కువ బతుకుతుందా అంటే ల్యాబుకో మాట. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో వయసు మొదటి వారంలో బ్యాక్టీరియా ఉంటే ఆయుష్షు పెరిగింది, ముసలితనంలో అదే బ్యాక్టీరియాను తీసేస్తే పెరిగింది. మరికొన్నిచోట్ల అసలు తేడానే రాలేదు, ఇంకొన్నిచోట్ల బ్యాక్టీరియా లేనివే ఎక్కువ బతికాయి. తిండి మీద చాలా ఆధారపడుతుంది. నీరసపు మేత పెట్టినప్పుడు బ్యాక్టీరియా, ఈస్టు తామే బలమైన తిండిగా, విటమిన్‌గా పనికొస్తాయి. మేత బాగున్నప్పుడు ఆ లాభం పెద్దగా కనిపించదు. సంగటి ముద్దలోకి ఊరిబిండి లేనివాడికి ఉల్లిగడ్డే కూరయినట్టు.

ఆ ఈగల మీదే చేసిన ఇంకో పని నాకు వీటన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. మేతలో నీలం రంగు కలిపి పెట్టారు. ఆ రంగు పేగు గోడ దాటి రక్తంలోకి పోయేది కాదు. మామూలు ఈగలో కడుపు ఒక్కటే నీలంగా కనిపిస్తుంది. ముసలి ఈగల్లో కొన్ని మాత్రం తల నుంచి కాళ్ల దాకా నీలంగా మారాయి. అంటే పేగు గోడ కారుతోంది. అలా నీలమైన ఈగలు ఎంత వయసువైనా కొద్ది రోజుల్లో చనిపోయాయి. 2012లో అమెరికాలో చేశారిది. తర్వాత అదే బృందం చూస్తే గోడ కారడానికి ముందే పేగులో బ్యాక్టీరియా పొందిక మారడం మొదలైంది, గోడ పోయాక అది మరీ పెచ్చుమీరింది.

నీ షెడ్డులో జరిగిందీ ఇలాంటిదే. సప్పరోగం, పుస్తకాల్లో ఫ్లాచరీ అంటారు, దానికి ఒక్క క్రిమి కారణం కాదు. ఎండ, ఉక్క, తడి ఆకు, వాడిన ఆకు, కొన్నిసార్లు వైరస్, వీటిలో ఏదో ఒకటి ముందు పేగును దెబ్బకొడుతుంది. క్షారం తగ్గుతుంది, ఆ గాజు కాగితం పొర చిరుగుతుంది, గోడ వదులవుతుంది. అప్పటిదాకా బస్టాండులో గమ్మున కూర్చున్న ఎంటరోకాకస్ లాంటివే ఒక్కసారిగా పెరిగి రక్తంలోకి దూరుతాయి. మంచి బ్యాక్టీరియా తగ్గడం కాదు జరిగింది, మామూలు బ్యాక్టీరియాకు తలుపు తెరుచుకుంది. రోగం వచ్చిన పురుగును కోసి చూస్తే ఆ పచ్చటి తొడుగు ఉండదు. గోధుమ రంగు నీళ్లు, చెడు వాసన, పట్టుకారుతో లాగడానికి పొరే దొరకదు.

ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ కూడా ఈ రోగం దగ్గర చాలా తిప్పలు పడ్డాడు. 1865 నుంచి దక్షిణ ఫ్రాన్స్‌లో ఆలెస్ పట్టణం దగ్గర పట్టుపురుగుల రోగాలు చూశాడు. గంటురోగం, పుస్తకాల్లో పెబ్రిన్ అంటారు, దాని సంగతి తేలిక, గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నూరి సూక్ష్మదర్శినిలో రోగ బీజాలు చూసి గుడ్లు పారేయమన్నాడు, ఇప్పటికీ మన గుడ్ల కేంద్రాల్లో చేసేది అదే. సప్పరోగం మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. పేగులో ఆకు పులిసి గొలుసుల్లాంటి క్రిములు కనిపించాయి, కానీ అవే క్రిములు ఆకు మీదా ఉన్నాయి. చివరికి క్రిమితో పాటు పురుగు బలహీనత, మేపే పద్ధతి కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

ఇదే తలుపును మనమే కావాలని తెరిచే పని ఒకటుంది. అదే బీటీ, పురుగుమందుగా చల్లే బ్యాక్టీరియా. 1901లో జపాన్‌లో ఇషివాతా దాన్ని మొదట కనుక్కున్నది పట్టుపురుగులు హఠాత్తుగా చనిపోతుంటే. 1911లో జర్మనీలోని థురింగియాలో బెర్లినర్ అనే ఆయనకు పిండి పురుగులో దొరికింది, ఆ ప్రాంతం పేరే దానికి వచ్చింది (బాసిల్లస్ థురింజియెన్సిస్, పొట్టిగా బీటీ). దాని విషం క్షారం ఉన్న పేగులోనే కరిగి పనిచేస్తుంది, గోడకు చిల్లులు పెడుతుంది. తర్వాత పురుగును చంపేది ఆ విషమా, చిల్లుల్లోంచి రక్తంలోకి దూరిన పేగు బ్యాక్టీరియానా అని 2006 నుంచి శాస్త్రవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ల వాదన ఎట్లా ఉన్నా నీకు కావలసింది ఒక్కటే. పక్క టమోటా తోటలో బీటీ పొడి కొడితే గాలికి నీ మల్బరీ మీద పడుతుంది. ఒకసారి నా సొంత మేపులోనే అట్లా ఒక పళ్లెం వరుస మొత్తం ఒక్క పూటలో పోయింది. పక్కవాడు చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు.

ఇక మజ్జిగ. పెరుగు తింటే ఆయుష్షు పెరుగుతుందని లోకానికి పెద్ద ఎత్తున చెప్పిన మనిషి మెచ్నికాఫ్, 1908లో నోబెల్ వచ్చినాయన. ఆ ఆలోచన మనుషుల గురించి. పురుగు కడుపులోని క్షారానికి పుల్లమజ్జిగ నేరుగా విరోధి. ఆ క్షారమే దాని మొదటి కాపలా, దాన్ని మనమే పలచన చేయడం ఎందుకు? అంతకంటే పెద్ద తప్పు ఆకు తడపడం. ఐదో దశలో తడి ఆకు పడితే పడక తడిసి వెచ్చబడుతుంది, లద్దె పులుస్తుంది. పొట్లం సంగతీ అంతే. ఆకు మీద లాక్టోబాసిల్లస్, ఈస్టు చల్లి మేపిన ప్రయోగాలు ఉన్నాయి, కొన్నిట్లో గూడు బరువు కాస్త పెరిగింది కూడా. కానీ అవి బాగున్న పురుగులకు, చల్లటి గదిలో, కొలిచి పెట్టినవి. సప్పరోగం పట్టిన బ్యాచ్‌ను లేపినవి కావు. పొట్లం మీద ఏ బ్యాక్టీరియా, గ్రాముకు ఎన్ని బతికి ఉన్నాయి, ఎప్పుడు తయారైంది అని రాసి లేకపోతే అది ఖరీదైన పిండి మాత్రమే. పైగా మే నెలలో దుకాణం రేకుల కింద ఉన్న పొట్లంలో ఏ బ్యాక్టీరియా బతికుంటుంది చెప్పు.

నా తప్పు కూడా చెబుతా. ఉద్యోగం మొదట్లో ధర్మవరం వైపు ఒక రైతుకు ఇదే రోగం వస్తే యాంటీబయాటిక్ కలిపి ఆకుకు పట్టించమన్నా. రెండు రోజులు చావులు తగ్గినట్టు కనిపించాయి, మూడో రోజు మళ్లీ మొదలు. వాళ్లింటికి పోయి చూస్తే షెడ్డులో ఒక మూల ఆకు కుప్ప మోకాలెత్తు. చేయి పెడితే లోపల పెంటకుప్పలా వేడి. ఆకు మధ్యాహ్నం కోసి, కుప్ప పోసి, రెండు పూటలు అదే వేస్తున్నారు. బ్యాక్టీరియాకు మందు రాసిచ్చిన నేను ఆకు చూడలేదు.

నువ్వు చేయాల్సింది ఇప్పుడు చెబుతా. వచ్చే బ్యాచ్‌కు ముందు షెడ్డు కడిగి, రెండు శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం తడి సున్నం కలిపిన నీళ్లతో గోడలు, తట్టలు, గూళ్లు అల్లించే చంద్రికలు అన్నీ తడిసేటట్టు కొట్టు. ఆకు తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ కోయి. కుప్ప పోయకుండా నిలబెట్టి, తడి గోనెపట్టా కప్పు, ఆకు మీద మాత్రం నీళ్లు చల్లకు. మూడో జ్వరం దాటాక లేత ఆకు వేయొద్దు, నీళ్లెక్కువ, పేగుకు బరువు. యూరియా గుప్పించి పెంచిన ఆకూ అంతే. ఐదో దశలో 24, 25 డిగ్రీలు, గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మంచిది. ఏప్రిల్‌లో మన దగ్గర 40 దాటుతుంది కాబట్టి ఆ లెక్క పూర్తిగా అందదు, నాకూ తెలుసు. కప్పు మీద కొబ్బరి మట్టలు పరిచి నీళ్లు చల్లడం, కిటికీలకు తడి గోనెలు, రాత్రి తలుపులన్నీ తెరవడం, వీటితో కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పురుగులను పలచగా పరుచు. ఒకదాని మీద ఒకటి పాకుతుంటే మిగతావన్నీ చేసినా దండగే. నీరసపడ్డ పురుగును చేత్తో ఏరి సున్నం, బ్లీచింగ్ నీళ్లున్న గిన్నెలో వేసి పూడ్చు. కోళ్లకు వేయవచ్చా అని కూడా అడిగావు, వేయొద్దు, రెట్టతో రోగం మళ్లీ షెడ్డుకే వస్తుంది.

ఇంకొక సంగతి. లద్దె చూడడం అలవాటు చేసుకో. ఐదో దశ పురుగు లద్దె ఆరు పలకలుగా గట్టిగా, విడివిడిగా రాలుతుంది. అది మెత్తబడి పూసల గొలుసులా తోకకు అంటుకుంటుంటే రోగం మొదలైనట్టే. పురుగు తల వాల్చడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇది కనబడుతుంది, అప్పుడు పట్టుకుంటే మిగతా బ్యాచ్ దక్కుతుంది.

ఈసారి మళ్లీ పురుగులు పోవడం మొదలైతే మాత్రం ముందు పరీక్షకు పంపు. వైరస్ వల్ల వచ్చిందా, గంటురోగమా, వట్టి ఎండ దెబ్బా అన్నది కంటితో చెప్పలేం, నేను కూడా చెప్పలేను. పది పదిహేను జబ్బు పురుగులను, ఇంకా కదులుతున్నవాటిని, చిల్లులున్న చిన్న అట్టపెట్టెలో వేసుకుని హిందూపురం దగ్గర కిరికెరలో ఉన్న పట్టు పరిశోధన సంస్థకు పొద్దున్నే తీసుకుపో. చచ్చి నల్లబడినవి తీసుకుపోతే వాళ్లకు కనిపించేది చచ్చాక పెరిగిన బ్యాక్టీరియానే.